పాత కారునకు క్రొత్త బ్యాటరీ

జంగారెడ్డిగూడెము వీధులలో తిరుగు పెట్రోలు కార్లలో బ్యాటరీ యుండుట మీరెఱుగుదురు. అందు సీసపు పలకలు పలుచని గంధకికామ్లములో మునిగియుండును. ఇట్టి బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును. ఆరు ఘటములు శ్రేణిగా చేరిన 12 వోల్టులగును. ఈ లెక్క తెలిసినచో పాత కార్ల బ్యాటరీ మార్చు విధము సులభముగా బోధపడును.

ఇంగ్లండులో 1962లో వెలువడిన ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారును చూడుడు. దాని ఆసనముల వెనుక 6 వోల్టుల బ్యాటరీలు రెండింటిని శ్రేణిగా కలిపిరి. ఒకటి చెడిన రెండవది యున్నను కారు కదలదు. కాడి యెడ్లలో ఒకటి కుంటిన బండి సాగదు గదా! అందుచే 1974లో నిర్మాతలే 12 వోల్టుల బ్యాటరీ నొక్కదానిని అమర్చిరి. పాత కార్ల యజమానులు పలువు రిప్పుడు ఆ మార్పునే చేసికొనుచున్నారు.

అయితే జాగ్రత్త వలయును. 1967కు ముందటి ఎం.జి.బి. కార్లలో ధనధ్రువమే చట్రమునకు కలుపబడెను. తీగెలు తారుమారైన పరికరములు చెడును. చట్రమునకు చేరిన తీగెను మొదట విప్పి, కడపట బిగింపవలెను. లేనిచో పనిముట్టు చట్రమునకు తగిలి నిప్పురవ్వ పుట్టవచ్చును. ఛార్జి చేయునపుడు వెలువడిన హైడ్రోజను ఆ రవ్వకు ప్రేలినచో, ఆమ్లము చిమ్మి కన్నులు పోవు ప్రమాదము కలదు. పాత బ్యాటరీని చెత్తలో పాఱవేయరాదు. అందలి సీసము విషము. దానిని అమ్మకపుదారునకే తిరిగి యీయవలెను.