పూడికమట్టిలో పూర్వచరిత్ర

గద్వాల చీర పేరు వినని తెలుగు స్త్రీ యుండదు. ఆ చీర పుట్టిన నేల యెట్టిదో తెలిసినవారు మాత్రము తక్కువ. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, కృష్ణ కావలియొడ్డున వనపర్తి, నల్లమల యడవుల చేరువ నాగరుకర్నూలు - ఈ మూడును చిరకాలము పాలమూరను మహబూబునగరు జిల్లాలో నుండి, 2016లో వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. కరవునకును, పొట్టచేతబట్టుకొని పోవు వలసకును పేరుపడిన సీమ యిది. ఈ నేల యెన్నడునుండి యిట్లెండినది? నిన్న మొన్నటి ముచ్చటయా, లేక తాతముత్తాతలకు ముందునుండియు నింతేనా? శాసనములును కావ్యములును కొంతదూరము వెనుకకు కొనిపోయి యాగిపోవును. అంతకు ముందటి సంగతి చెప్పగల సాక్షి యొకటి కలదు. అది ఆకుమీది మైనము.

తామరాకుమీది నీటిబొట్టని మనము మాటాడుకొందుము గదా! ఆ బొట్టు జారిపోవుటకు ముఖ్యకారణము ఆకును కప్పియుండు పలుచని మైనపుపొర. చేమాకునకును, వరియాకునకును, జొన్నయాకునకును గూడ నట్టి పొర యున్నది. ఆకు రాలి కుళ్లిపోవును గాని యీ మైనము శీఘ్రముగా కుళ్లదు. వానతో కొట్టుకొనిపోయి వాగునుండి నదికి, నదినుండి సముద్రమునకు జేరి, బురదతోపాటు అడుగున పేరుకొనును. ఏటేట పడిన పొరమీద మరియొక పొర పడుచుండ, క్రిందిది పాతదియు మీదిది క్రొత్తదియు నగును. ఆవకాయజాడీలో క్రింది ముక్క ముందు పడినట్టిదే.

ఈ మైనమును, దానివంటి జీవపదార్థముల యవశేషములను మట్టినుండియు రాతినుండియు వేరుచేసి చదువు శాస్త్రమునకు ఆర్గానిక్ జియోకెమిస్ట్రీ యని పేరు. సేంద్రియ భూరసాయనశాస్త్రమని తెనిగింపవచ్చును. సేంద్రియమనగనే నేడు మనవారికి పేడయెరువుతో పండించిన కూరగాయలు జ్ఞప్తికి వచ్చును. ఇక్కడ నా యర్థము కాదు. ప్రాణులనుండి పుట్టిన పదార్థమని భావము. 1930లలో ఆల్ఫ్రెడ్ ట్రైబ్సను జర్మనుశాస్త్రజ్ఞుడు నేలనూనెలో ఆకుపచ్చదనమునకు సంబంధించిన యణువులను కనుగొని, ఆ నూనె యొకప్పటి జీవరాశినుండి పుట్టినదని నిరూపించెను. ఈ శాస్త్రమునకు మొదలు అక్కడనే యని చెప్పుదురు.

మైనము పలుకు భాష యేమనిన: కర్బనమునందు బరువులో స్వల్పభేదముగల రెండు రకములు కలవు, 12 అనునదియు 13 అనునదియు. బరువైన 13వది నూటికి సుమారొకటి మాత్రమే. వరి, కంది, వేప, మామిడి, అడవిచెట్లలో మిక్కిలిభాగము గాలినుండి కర్బనమును దీసికొనునపుడు ఈ బరువైనదానిని చాలవరకు వదలివేయును. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, చెరకు, ఎండకోర్చు మెట్టగడ్డి అంతగా వదలవు. కావున మైనమును తూచి చూచిన యెడల, ఆ కాలమున నేలమీద చెట్లు దట్టముగా నుండెనో, వానకు మొగము వాచిన గడ్డి పరచుకొనెనో తెలియగలదు. జొన్నరొట్టె తినువారికిని వరియన్నము తినువారికిని గల తేడా యాకులోనే యున్నదన్నమాట!

ఇది ఊహ గాదు. 2006లో మన ప్రభుత్వమువారు సముద్రగర్భమున గడ్డకట్టియున్న ఇంధనవాయువుకొరకు వెదకుచు, గోదావరి సంగమమున కెదురుగా బంగాళాఖాతమున గొట్టము దింపి బురదను పైకి దీసిరి. వెదకినది వంటచెరకు వంటిది. దానితో చరిత్రయు దొరికినది. అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్రశాస్త్రసంస్థలో పరిశోధక విద్యార్థిగా నున్న కమిలో పోంటన్ అను నతడును, సహచరులును ఆ బురదలోని యాకుమైనమును చదివి 2012లో ఫలితమును ప్రకటించిరి. దాదాపు 4,000 సంవత్సరముల క్రిందట నొకమారును, 1,700 సంవత్సరముల క్రిందట మరియొకమారును ఎండకోర్చు వృక్షజాతులు హెచ్చినట్లు, అనగా దక్కను నేల మెట్లుమెట్లుగా నెండినట్లు, దానివలన దేలినది. గోదావరి నీరు పాలమూరు నీరు గాదు, నిజమే. కాని యా నది పీల్చుకొను దక్కను పీఠభూమికి పాలమూరు పొరుగే. రెంటిని తడుపునది ఒకే నైరుతి ఋతుపవనము.

ఆ నాలుగువేల యేండ్లనాటి మనుష్యులను గూర్చియు కొంత తెలిసినది. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరున (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) పెద్ద బూడిదదిబ్బ యొకటి కలదు. రాక్షసుల యెముకల బూడిద యని యిట్టి దిబ్బలను గూర్చి జనులు చెప్పుకొనెడివారు. 1957లో ఆల్చిన్ అను ఆంగ్లపండితుడు దానిని త్రవ్వించగా పశువుల గిట్టలగుర్తులు బయటపడెను. అది ఆలమందలను కట్టిన దొడ్డి. బూడిద యంతయు పేడ కాలగా మిగిలినది. పిడక చేసి గోడకు కొట్టిన చేతులకు ఈ సంగతి వింతగా తోచదు. రాయుచున్నవారు మగవారు కనుక రాక్షసులదాక పోవలసివచ్చినదేమో!

పరిశోధన యెట్లు సాగునో చెప్పుదుము. మట్టి నెండబెట్టి, నూరి, ద్రావకములో నానబెట్టి, దిగిన సారమును వడగట్టి, వేరుచేయు యంత్రములోనికి బంపుదురు. తడిసిన యద్దుడుకాగితముపై సిరాచుక్క వేసినచో రంగులు విడివడి యొకదానివెనుక నొకటి ప్రాకునుగదా. గ్యాస్ క్రొమటోగ్రాఫను యంత్రము చేయుపనియు నట్టిదే. దానివెంట అణువులను తూచు యంత్రముండును. కష్టమంతయు యంత్రమునందు లేదు, శుచియందున్నది. చేతివ్రేలి జిడ్డు, మొగమునకు రాచుకొన్న క్రీము, ప్లాస్టిక్ డబ్బా వీనిలో నేది సోకినను పని చెడిపోవును. గాజుపాత్రలను కొలిమివంటి పొయ్యిలో కాల్చి వాడుదురు. తడిచేయి తగిలిన యూరగాయ బూజుపట్టునని కోడలిని హెచ్చరించు అత్తగారు, మడిబట్టతో ముట్టుకొననీయని బామ్మగారు, ప్రయోగశాలకు పోయిన నొకదినములో కుదురుకొందురు.

ఈ శుచి తప్పినందున నేమైనదో వినుడు. 1999లో జోఖెన్ బ్రాక్స్ అను విద్యార్థి, తన గురువులతో గూడి, ఆస్ట్రేలియాలోని 270 కోట్ల సంవత్సరముల వయస్సుగల రాళ్లలో, మనవంటి సంక్లిష్టకణముల ప్రాణులు విడిచిన క్రొవ్వు జాడలు కలవని ప్రకటించెను. పుస్తకములు మారిపోయినవి. తరువాత ననుమానము బయలుదేరెను. 2012లో మిక్కిలి శుచిగా క్రొత్త రాతిని తొలిచి తీసిరి. కేథరిన్ ఫ్రెంచి యను యువతి, మసాచుసెట్సులో పరిశోధక విద్యార్థినిగా నుండి, పలు ప్రయోగశాలలవారితో గూడి దానిని పరీక్షించి, రాతిలో నా జాడలు లేనేలేవనియు, మునుపు కనబడినది తరువాత సోకిన మాలిన్యమేననియు 2015లో వెల్లడించెను. ఆ వ్రాతలో బ్రాక్సుగూడ తన పేరుంచెను! పాండిత్యముకంటె నీ గుణమును మేము మెచ్చుకొందుము.

గద్వాల కొండరాళ్లును అంతటి పురాతనయుగమునకు జెందినవే. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థకు చెందిన సి. మాణిక్యాంబగారును సహచరులును అచ్చట బోనినైటను నరుదైన రాయి కలదని 2005లో ప్రకటించిరి. జపానుకు చెందిన బోనిన్ ద్వీపములలో మొదట గుర్తింపబడిన రాయి యిది; సముద్రపుటడుగు నేలక్రిందికి దిగజారుచోట బుట్టునని శాస్త్రజ్ఞుల మతము. గద్వాలయందు సముద్రమా యని యాశ్చర్యపడవలదు.

ఇంత జరిగినను ఈ సంగతులు పాలమూరు గృహములకు జేరినవా? చేరలేదనియే మా యభిప్రాయము. వ్రాసినది ఇంగ్లీషున, చదివినది పండితులు. హైదరాబాదు రాజ్యమున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించి, అందుకై పారిభాషిక పదములను కల్పించినది. తెలుగునకై 1906లోనే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి శాస్త్రగ్రంథములు వెలువరించిరి. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడున 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నడుప నారంభించి, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిరి. రాజుల యుద్ధములు గాక జనులు తిన్న తిండి, కట్టిన బట్ట అందులో చరిత్రయైనవి. ఆయనకు సాక్షులు కావ్యములు. ఆకుమైనము చదువువారు చేయుచున్నదియు నీ పనియే. సాక్షి మాత్రము వేరు.

నేడు మన యాడుపిల్లలు రసాయన భూగర్భశాస్త్రములలో పట్టములు పొందుచున్నారు. ఇంటికి వచ్చిన పిల్లను అమ్మమ్మ, "ఏమి చదువుచున్నావే?" యని యడుగును. "నీకు తెలియదులే" యని పిల్ల తప్పించుకొనును. ఆ జవాబు మాకు రుచింపదు. జొన్నయాకు, వరియాకు, మడి, పిడక, ఊరగాయజాడీ - అమ్మమ్మకు తెలియనిది ఇందులో నేది? తన పరిశోధనను నాలుగు తెలుగువాక్యములలో పెద్దలకు చెప్పలేనివారికి ఆ సంగతి తమకే పూర్తిగా బోధపడినదా యని మాకు సందేహము. తాతలనుండి జొన్న తిన్నందుకు సిగ్గుపడు పిల్లలకు, ఎండిన నేల కదియే తగిన పైరని యాకుమైనమే సాక్ష్యమిచ్చుచున్నదని తెలియుట యెంత యూరట!

వనపర్తి సంస్థానమువారు త్రవ్వించిన పెద్ద చెరువులకు సముద్రములని పేరు; శ్రీరంగాపురపు గుడిని చేరియున్న రంగసముద్రము వానిలో నొకటి. అట్టి చెరువుల యడుగున పొరలు చెదరక మిగిలిన పూడిక యున్నచో, అది చుట్టుప్రక్కల పొలములలో నెప్పుడేమి పెరిగెనో చెప్పగలదు. ఎప్పుడైన నొక విద్యార్థిని వచ్చి చెరువులో గొట్టము దింపి బురద తీసికొనుచుండిన, నిధికొరకని ఊరివారు గుమిగూడుట సహజము. అప్పుడామెను మందలింపక, నీళ్లిచ్చి కూర్చుండబెట్టి, క్రిందిపొర యెన్నేండ్లదో యడుగుడు. గొట్టమును వ్రేలితో తాకవలదని పిల్లలకు చెప్పుటగూడ మరువకుడు.