రోడ్డు ట్రిప్‌కి కిలోమీటర్లు కాదు... పాప నిద్ర లెక్కేయండి!

సారపాక నుంచి మారేడుమిల్లి మీదుగా విశాఖపట్నం సుమారు 390 కిలోమీటర్లు. ఫోన్‌లో మ్యాప్ తీస్తే ఎనిమిది, తొమ్మిది గంటలు చూపిస్తుంది. పెళ్లైన కొత్తలో మేమిద్దరం ఆ లెక్కనే నమ్ముకుని ఒక్క రోజులో వెళ్లాం. సాయంత్రానికి బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చున్నాం. ఇప్పుడు మా ఇంట్లో రెండున్నరేళ్ల పాప ఉంది. ఆ సంగతి మ్యాప్‌కి తెలీదు కదా! గంటన్నరకోసారి దిగుతానంటుందనీ, పన్నెండయితే నిద్రకి మారాం చేస్తుందనీ, మే నెలలో మధ్యాహ్నం మా భద్రాచలం వైపు రోడ్డు మీద కాకి కూడా కనపడదనీ దానికి ఎవరు చెప్పాలి?

అందుకే పోయిన వేసవిలో విశాఖ వెళ్దామనుకున్నప్పుడు ప్లాన్‌ని మ్యాప్‌తో కాకుండా పాప టైమ్ టేబుల్‌తో మొదలుపెట్టాం. ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, ఎంతసేపు కదలకుండా కూర్చుంటుంది... ఇవన్నీ ఒక వారం రాసుకున్నాం. ఆ తర్వాతే దారి సంగతి. మీ ఇంట్లోనూ బుడిబుడి అడుగుల బుజ్జాయి ఉండి, ఈ సెలవుల్లో కారు తీద్దామనుకుంటుంటే మా లెక్కలు మీకూ పనికొస్తాయి.

ఒక్క రోజు దారి... మూడు ముక్కలు

మా ఊరి నుంచి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. ఆ ఊరు దాటగానే ఆంధ్రప్రదేశ్. ఎటపాక, చింతూరు మండలాలన్నీ 2014లో అటు వెళ్లిపోయాయి. చింతూరు నుంచి ఘాట్ ఎక్కితే మారేడుమిల్లి. మా ఇంటి నుంచి అక్కడికి సుమారు 115 కిలోమీటర్లు. మొదటి రోజు ప్రయాణం అంతే! మారేడుమిల్లి నుంచి రంపచోడవరం మీదుగా రాజమండ్రి 85 కిలోమీటర్లు. అది రెండో రోజు. అక్కడి నుంచి అన్నవరంలో ఆగి విశాఖ. మూడో రోజు ప్రయాణమే కాస్త పెద్దది, 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ వెడల్పాటి హైవే కాబట్టి పర్లేదు.

మూడు రోజులూ ఒకటే రూల్... తెల్లవారుజామున ఐదింటికి కారు కదలాలి, పదిలోపు చల్లటి గదిలో ఉండాలి. మూడో రోజు మాత్రం పదిన్నర దాటుతుందని ముందే అనుకున్నాం. ఐదింటికి నిద్రలోనే ఎత్తుకొచ్చి సీట్లో కూర్చోబెడితే పాప మరో గంటన్నర పడుకుంటుంది. ఆ గంటన్నరలో 70 కిలోమీటర్లు గడిచిపోతాయి. చింతూరు చేరేసరికి బాగా తెల్లారుతుంది కాబట్టి ఘాట్ రోడ్డు వెలుతురులోనే ఎక్కొచ్చు. ఆ మలుపుల్లో చీకట్లో నడపడం ఎవరికీ మంచిది కాదు, చంటిపిల్లలతో అసలే వద్దు.

‘రెండు రాత్రుల గది ఖర్చు దండగ కదా’ అన్నారు మావయ్య. నిజమే, ఖర్చే. అందుకని విశాఖలో ఉండే రోజుల్లో ఒకటి తగ్గించాం. దారే ట్రిప్‌లో సగం అనుకుంటే అది దండగ అనిపించదు.

మీరు కూడా మా వైపు రావాలనుకుంటే ఇంకో మాట. శ్రీరామనవమి రోజుల్లో మాత్రం చంటిపిల్లలతో ఈ వంతెన మీదుగా ప్రయాణం పెట్టుకోకండి. కల్యాణానికి వచ్చే జనంతో రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయి. ఆగిపోయిన కారులో, ఎండలో, చంటిబిడ్డతో... ఆ అవస్థ ఎందుకు?

ముందు రిహార్సల్ వేయండి

పెద్ద ట్రిప్‌కి ముందు మేం రెండు చిన్న ట్రిప్పులు వేశాం. ఒకటి దుమ్ముగూడెం వైపు పర్ణశాలకి. భద్రాచలం నుంచి 35 కిలోమీటర్లు. రెండోది పాల్వంచ దగ్గర కిన్నెరసానికి. అక్కడి జింకల పార్కులో పాప గంటసేపు ఆడింది. రిజర్వాయర్‌లో మొసళ్లున్నాయి కాబట్టి నీళ్ల అంచుకి మాత్రం తీసుకెళ్లలేదు.

ఈ రెండు ట్రిప్పులతో మాకు తెలిసినవి మూడు. ఒకటి, మా పాప గంటా పది నిమిషాలు హాయిగా కూర్చుంటుంది, ఆ తర్వాత దిగాల్సిందే. రెండు, ఆకలేసినప్పుడు కాదు, బోర్ కొట్టినప్పుడే ఎక్కువ ఏడుస్తుంది. మూడు, మలుపుల్లో ఫోన్ చూస్తే వాంతి చేసుకుంటుంది. కారు పడకపోవడం రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. కాబట్టి ఘాట్‌లో ఫోన్ బంద్! కిటికీలోంచి కొండలు, కోతులు చూపించండి. బయల్దేరే ముందు కడుపు నిండా పాలు పట్టించకండి. ఓ ఇడ్లీ ముక్క చాలు.

‘ఒళ్లో కూర్చోబెట్టుకుంటాలే!’

మా ఇంట్లో అసలు చర్చంతా దీని మీదే. పిల్లల కారు సీటు కొంటామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. ‘తొమ్మిది వేలు పోసి పసిపిల్లని కట్టిపడేస్తారా? మీ ఆయన్ని నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుని ఊళ్లన్నీ తిప్పా’ అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ప్రేమకి బ్రేకులుండవు కదా! గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే, ఆ క్షణంలో 12 కిలోల పాపను ఆపడమంటే రెండు క్వింటాళ్లకు పైగా బరువుని పట్టుకున్నట్టే. ఏ అమ్మ చేతులూ, ఏ నానమ్మ చేతులూ దానికి చాలవు. పైగా బెల్టు లేకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుంటే వెనక నుంచి పెద్దవాళ్ల బరువు కూడా పిల్ల మీదే పడుతుంది.

చట్టం కూడా అదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194బి ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకి సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. బండి మీద తిప్పేవాళ్లకీ రూల్ ఉంది. నాలుగేళ్లలోపు పిల్లలకి హార్నెస్ బెల్టు, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్. బండి వేగం 40 దాటకూడదు.

సీటు కొనేటప్పుడు ఈసీఈ ఆర్44 లేదా ఆర్129 ముద్ర ఉందో లేదో చూడండి. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటనంత వరకు పిల్లల్ని వెనక్కి చూసేలా కూర్చోబెట్టడమే మేలు. మెడకి దెబ్బ తగిలే ప్రమాదం తగ్గుతుంది. అలా వెనక్కి తిప్పిన సీటుని ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

సీటు వచ్చాక వెంటనే కారులో పెట్టలేదు. వారం రోజులు హాల్లోనే ఉంచాం. బొమ్మని కూర్చోబెట్టాం, తర్వాత పాపే ఎక్కి కూర్చుంది. పప్పన్నం అందులోనే, పాటలూ అందులోనే. బెల్టు క్లిప్పు ‘టక్’మనిపించే పని పాపకే ఇచ్చాం. ఇంకేముంది, బయల్దేరే రోజు తనే ‘టక్, టక్’ అని తొందరపెట్టింది.

చింతూరు దాటాక ఒక మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. మా ఆయన గట్టిగా బ్రేక్ వేశారు. నా చేతిలో ఫ్లాస్కు ఎగిరి ముందు సీటుకి తగిలింది. పాప మాత్రం కూర్చున్న చోటే ఉంది. నిద్ర కూడా చెడలేదు. అత్తయ్య ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఒకసారి పాప బెల్టు లాగి చూసి, తన బెల్టూ పెట్టుకున్నారు.

ఎండతో ఆటలొద్దు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం... వేసవిలో 44, 45 డిగ్రీలంటే మాకు వార్తే కాదు. అందులో ఎండలో నిలిపిన కారు నిజంగా కొలిమే. అద్దాలు మూసి ఆపితే పది నిమిషాల్లోనే లోపల వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. కాబట్టి ‘ఒక్క నిమిషం టీ తాగొస్తాం, పాప పడుకుంది కదా’ అన్న మాటే వద్దు. ఏసీ ఆన్‌లో ఉన్నా సరే, పక్కన ఒక పెద్ద మనిషి ఉండాల్సిందే.

దిగినప్పుడల్లా సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పండి. మళ్లీ కూర్చోబెట్టేముందు క్లిప్పుల ఇనుప ముక్కల్ని చేత్తో తాకి చూడండి. మనకి చురుక్కుమంటే వాళ్లకి బొబ్బలే. టైర్లలో గాలి తెల్లవారుజామున, అవి చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. అరిగిపోయిన టైర్లతో ఈ ఎండలో హైవే ఎక్కొద్దు.

సంచిలో ఏముండాలి?

పొద్దుటికి ఇడ్లీలు, పాప కోసం ఫ్లాస్కులో రాగి జావ, అరటిపండ్లు. పెద్దవాళ్లకి పులిహోర. ఆ పులిహోరలో వేరుశనగ పప్పులు వేయలేదు. నాలుగేళ్లలోపు పిల్లలకి పల్లీలు, గుండ్రటి ద్రాక్ష, పాప్‌కార్న్ గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. కదిలే కారులో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏది పెట్టినా బండి ఆపి, కూర్చోబెట్టి పెట్టండి. దారిలో తాటి ముంజలు కనపడితే వదలకండి. కాకపోతే జారిపోతాయి కాబట్టి చిన్న చిన్న ముక్కలు చేయాలి. కొబ్బరి నీళ్లు సరే. ఐసు ముక్కలేసిన చెరకు రసం మాత్రం పిల్లలకి వద్దు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికి తెలుసు?

ఇక ఓఆర్‌ఎస్. బయల్దేరే ముందు ఒక షాపులో అడిగితే తియ్యటి జ్యూస్ డబ్బా చేతిలో పెట్టారు. పేరులో ఓఆర్‌ఎస్ అని ఉన్నంత మాత్రాన అది ఓఆర్‌ఎస్ కాదు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. మీరు కొనాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. లీటరు ప్యాకెట్ అయితే పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి. సగం ప్యాకెట్టు, గ్లాసు నీళ్లు... ఇలా అందాజుగా వద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

వీటితో పాటు థర్మామీటరు, డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందు (పాప బరువుకి ఎంత వేయాలో కాగితం మీద రాసి పెట్టుకోండి), రెండు జతల కాటన్ బట్టలు చేతికి అందేలా, వాంతి కవర్లు, దోమతెర. ఏజెన్సీలో మలేరియా భయం ఇంకా పోలేదు. సాయంత్రమైతే పాపకి ఫుల్ హ్యాండ్స్, పడుకునేటప్పుడు దోమతెర తప్పనిసరి.

అడవి దారిలో...

భద్రాచలంలోనే ట్యాంకు నింపండి. ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చింతూరులో, రంపచోడవరంలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఎక్కడి నుంచి ఏది దగ్గరో కాగితం మీద రాసుకోండి. ఫోన్ పనిచేయనప్పుడు ఆ కాగితమే దిక్కు. అంబులెన్సుకి 108 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. జాతీయ రహదారుల మీద సాయానికి 1033.

మారేడుమిల్లి అంటే ఊటీ కాదు, అక్కడా ఎండే. కానీ చెట్ల నీడ వేరు. పెద్దవాళ్లు బొంగు చికెన్ తిన్నారు, పాపకి కారం లేని పెరుగన్నం. సాయంత్రం ఎండ తగ్గాక జలతరంగిణి దగ్గరికి వెళ్లాం. వేసవి కదా, ధార పలచగానే ఉంది. పాపకి పాదాలు తడిస్తే చాలు. నీళ్లు తక్కువున్నాయని మాత్రం ఏమరకండి. చంటిపిల్లలు జానెడు నీళ్లలో కూడా మునిగిపోగలరు. అందుకే వంతులేసుకున్నాం. వంతు ఉన్నవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, పాప చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. ఫొటోలు వంతు లేనివాళ్ల పని.

వెనక్కి తిరగడం కూడా ప్లానే

ట్రిప్ ప్లాన్ అంటే ఎక్కడికి వెళ్లాలన్నది ఒక్కటే కాదు. ఎప్పుడు ఆగిపోవాలో కూడా ముందే మాట్లాడుకోండి. ఎందుకంటే గదికి డబ్బు కట్టేశాక, సగం దూరం వచ్చాక, ‘ఇంకొంచెమే కదా’ అనిపిస్తుంది. మేం ఇంట్లోనే కూర్చుని రాసుకున్నాం. పాప ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, నోరు ఎండిపోయినా, ఆడే పిల్ల నీరసంగా వాలిపోయినా... ప్రయాణం అక్కడితో ఆపేసి దగ్గర్లోని ఆసుపత్రికి. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నాయనడానికి గుర్తులివి. ఒళ్లు కాలిపోతూ మగతగా ఉంటే అసలు ఆలోచించకండి. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఆ కాగితం మీద నేనూ, మా ఆయనా, అత్తయ్యా, మావయ్యా నలుగురం సంతకాలు పెట్టాం. నవ్వుకుంటూనే పెట్టామనుకోండి. కానీ నలుగురిలో ఎవరు ‘వెనక్కి’ అన్నా మిగతావాళ్లు వాదించకూడదని ఒప్పందం. అదృష్టవశాత్తూ ఆ మాట ఎవరూ అనాల్సిన అవసరం రాలేదు. ఈ వేసవికీ అదే కాగితం, అవే సంతకాలు. విశాఖ సముద్రం ఎక్కడికీ పోదు... ఈసారి కాకపోతే దసరాకి చూస్తాం.