ఒకే సరిహద్దు, మూడు గిడ్డంగులు: సైన్యానికి సరుకు చేరేదెలా?

వేసవి వచ్చిందంటే జోజిలా కనుమ మీదుగా లద్దాఖ్‌కు సైనిక లారీలు బారులు తీరుతాయి. మంచు కురిసి దారి మూసుకుపోయేలోగా బియ్యం, పప్పులు, కిరోసిన్, మందులు, తూటాలు అన్నీ పైకి చేరిపోవాలి. సైన్యం దీన్ని ‘అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్’ అంటుంది. లారీలు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యమే. కానీ అవి ఎవరి అజమాయిషీలో నడుస్తాయన్నది అంతకంటే పాత చిక్కు.

తిండి, ఇంధనం, వాటిని మోసే లారీలు, కంచర గాడిదలు ఆర్మీ సర్వీస్ కోర్ బాధ్యత. ఈ విభాగం తన పుట్టుకను 1760 డిసెంబర్ 8 నుంచి, అంటే ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి లెక్కేసుకుంటుంది. తూటాలు, దుస్తులు చూసేది ఆర్మీ ఆర్డినెన్స్ కోర్. సికింద్రాబాద్‌వాసులకు బాగా తెలిసిన ఏఓసీ సెంటర్ దానిదే. మరమ్మతుల పనిని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, ఆర్డినెన్స్ నుంచి విడదీసి ఈఎంఈకి అప్పగించారు. అంటే ఒక్క ఆర్మీలోనే లారీ నడిపేది ఒకరు, అందులోని తూటాల లెక్క చూసేది ఇంకొకరు, బండి ఆగిపోతే బాగుచేసేది మరొకరు.

సరఫరా దెబ్బతింటే ఏమవుతుందో 1962లో చైనాతో యుద్ధం చూపించింది. ఈశాన్యాన నామ్కాచు లోయలో జవాన్లు పలచని నూలు దుస్తులతో, చాలీచాలని తూటాలతో నిలబడ్డారు. లారీ దారి వాళ్లకు చాలా దూరంలోనే ఆగిపోయింది. విమానాల నుంచి జారవిడిచిన సరుకులో చాలా భాగం లోయల్లో పడి చేతికందలేదు. సరిహద్దు రోడ్ల సంస్థ బీఆర్ఓ 1960 మే 7నే ఏర్పడినా, రెండేళ్లలో హిమాలయాల్లో రోడ్లు వేయడం ఎవరి తరం?

ఆ తర్వాత రోడ్లు పెరిగాయి. 2020లో రోహ్‌తాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం కూడా వచ్చింది. మారనిది సంస్థాగత ఏర్పాటే. ఆర్మీ, నౌకాదళం, వైమానిక దళం దేని డిపోలు, దేని సాఫ్ట్‌వేర్ దానివే. పక్కపక్కనే ఉన్న స్థావరాలు కూడా వేర్వేరు దారుల్లో సరుకు తెప్పించుకోవడం మామూలే.

దీన్ని సరిదిద్దాలనే 2019 డిసెంబర్ 24న కేంద్ర మంత్రివర్గం త్రివిధ దళాధిపతి పదవిని సృష్టిస్తూ ఒక గడువు పెట్టింది. తొలి అధిపతి బాధ్యతలు చేపట్టిన మూడేళ్లలో రవాణా, సరఫరా, మరమ్మతుల్లో మూడు దళాలను కలపాలి. జనరల్ బిపిన్ రావత్ హయాంలో, 2021లో గువాహటి, పోర్ట్ బ్లెయిర్, ముంబైలలో ఉమ్మడి లాజిస్టిక్స్ కేంద్రాలు మొదలయ్యాయి. రేషన్, ఇంధనం, చిన్న ఆయుధాల తూటాలు, అద్దె వాహనాలు ఏ దళానికి కావాలన్నా అక్కడి నుంచే అందించాలన్నది వీటి ఉద్దేశం. అదే ఏడాది డిసెంబర్‌లో రావత్ హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. పదవి తొమ్మిది నెలలకు పైగా ఖాళీగా ఉండిపోయింది. ఏకీకరణ పూర్తికాకుండానే గడువు దాటిపోయింది.

ఇంకో అడ్డంకి చట్టంలోనే ఉండేది. ఉమ్మడి కేంద్రంలో ఆర్మీ అధికారి కింద పనిచేసే వైమానిక దళ సిబ్బంది తప్పు చేస్తే, క్రమశిక్షణ చర్యకు ఫైలు వాళ్ల సొంత దళానికే వెళ్లాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన ఇంటర్ సర్వీసెస్ ఆర్గనైజేషన్స్ చట్టం ఆ అధికారాన్ని ఉమ్మడి సంస్థ కమాండర్‌కే ఇచ్చింది. 2024 మే 10 నుంచి అది అమల్లో ఉంది.