పెరటిలో పొగపొయ్యి

పొగకూ మన ఆడవాళ్ళకూ తరతరాల వైరం. తడికట్టెలు ఎగదోసి, ఊదుగొట్టంతో ఊది ఊది, కన్నీళ్ళు తుడుచుకుంటూ వంట చేసిన తల్లులు మన ఇళ్ళలో ఎందరో! గ్యాసుపొయ్యి వచ్చి ఆ పొగను ఇంట్లోంచి గెంటివేసింది. భాషలోనూ దానికి మంచి పేరు లేదు. గిట్టనివాణ్ణి సాగనంపదలిస్తే ‘పొగ పెట్టడం’ అంటాం. అటువంటి పొగను వేలకు వేలు పోసి కొని, పెరట్లో నిలిపి, తెల్లవారకముందే లేచి దానికి సేవలు చేసే జనం ఉన్నారంటే నమ్మగలరా? ఉన్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో, అందులోనూ టెక్సాసులో, ఇది ఇంచుమించు ఒక వ్రతం.

మా బావమరిది కాపురం డల్లాసు నగరం దగ్గర. వేసవి సెలవులకు మేము వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పెరట్లో ఈ వింత పొయ్యిని చూశాను. దీనిని వాళ్ళు ‘స్మోకర్’ అంటారు. చుట్ట కాల్చే పెద్దమనిషినీ ఆ మాటతోనే పిలుస్తారు గనుక, నేను దీన్ని పొగపొయ్యి అంటాను. చూపులకు అడ్డంగా పడుకోబెట్టిన ఇనపపీపా. దాని కొసకు, కాస్త దిగువగా, కట్టెలు కాల్చే చిన్న పెట్టె. రెండో కొసన పొగగొట్టం. మంట పెట్టెలో ఉంటుంది, మాంసం పీపాలో ఉంటుంది. వేడిగాలీ పొగా మాత్రం మాంసాన్ని ఒరుసుకుంటూ గొట్టంలోంచి పైకి పోతాయి. మాంసం మంట మొహం చూడదన్నమాట! మన కబాబు నిప్పుల సెగను నేరుగా తాకి నిమిషాలలో కాలుతుంది. ఇది 110 నుంచి 135 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో గంటల తరబడి మగ్గుతుంది.

ఇంత తాత్సారం ఎందుకయ్యా అంటే, దానికి కారణముంది. టెక్సాసు వాళ్ళు ఈ పొయ్యిమీద ముఖ్యంగా వండేది బ్రిస్కెట్, అనగా పశువు రొమ్ముభాగం. పశువు బరువులో సగానికి పైగా మోసే కండ అది. కష్టపడే కండ గట్టిపడక ఏమవుతుంది? అందులో కొలాజెన్ అనే పీచుపదార్థం దండిగా ఉంటుంది. పెద్ద మంటమీద వేస్తే అది బిగుసుకుని తోలు అవుతుంది. సన్నని వేడిలో చాలాసేపు ఉంచితే కరిగి జిగురుగా మారి, వెన్నలా విడిపోతుంది. లోపలి వేడి 95 డిగ్రీల దాకా రావాలి. పెద్ద ముక్కకు 12 గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎవరికీ అక్కరలేని చవక మాంసాన్ని విందు భోజనం చేసింది మసాలా కాదు, ఓపిక!

మా వాళ్ళింట్లో పశుమాంసం వాడకం లేదు. ఆనాడు కోళ్ళూ, ఒక మేకతొడా ఎక్కించారు. మా చెల్లాయి ముందురోజు రాత్రే ఉప్పు, కారం, ధనియాలపొడి, అల్లం వెల్లుల్లి పట్టించి ఉంచింది. పొయ్యి టెక్సాసుదే గాని, పాకం మాత్రం గుంటూరుదే సుమండీ!

పదకొండు గంటలవేళ ఒక చిక్కు వచ్చిపడింది. మాంసంలో గుచ్చిన ఉష్ణమాపకం చకచకా 67 డిగ్రీలకు ఎక్కి, అక్కడే కూర్చుంది. అరగంటైనా కదలదు, ముప్పావుగంటైనా కదలదు.

“మామయ్యా, మీటరు పాడైందా?” అన్నాడు మా వాళ్ళ అబ్బాయి.

“ఇంకో రెండు కట్టెలు వేస్తే పోదూ?” అన్నాను నేను.

బావమరిది నవ్వాడు. “అదే వద్దు బావగారూ! కొత్తవాళ్ళందరూ ఇక్కడే తొందరపడతారు. దాని మానాన దాన్ని వదిలెయ్యాలి.”

సంగతేమిటంటే, ఆ వేడికి మాంసంలోని తడి పైకి ఊరి ఆవిరౌతుంది. ఆవిరయ్యే తడి వేడిని వెంట తీసుకుపోతుంది. ఇటు పొయ్యి ఎంత వేడి ఇస్తే, అటు ఆవిరి అంతా పట్టుకుపోతుంది. ఎండాకాలంలో మన మట్టికూజాలో నీళ్ళు చల్లబడేదీ ఈ సూత్రంమీదనే. కుర్రవాడికి కూజా సంగతి చెబితే వాడికి ఇట్టే బోధపడింది. పైతడి ఆరేదాకా ఆగాలి. లేదా కాగితంలో చుట్టి ఆవిరిని అరికట్టాలి. మేము ఆగాము. తరువాత ముల్లు దానంతటదే కదిలింది.

ఇక కట్టెల విషయం. బాగా ఎండిన గట్టికట్టె కావాలి. టెక్సాసు నడిమి ప్రాంతంలో ఓకు, ఇతర దక్షిణ రాష్ట్రాలలో హికరీ వాడతారు. మెస్కీటు అనేదొకటి ఉన్నది. అది మనకు కొత్తది కాదు. మన సర్కారు తుమ్మకు దాయాది. అమెరికా ఖండాల నుంచి ఈ జాతి 1877 ప్రాంతాలలో మన కడప సీమకు వచ్చి, ఇప్పుడు తెలుగుదేశంలోని బీళ్ళన్నీ ఆక్రమించింది. పైన్ వంటి జిగురుకట్టె, రంగు వేసిన చెక్క, మందు పట్టించిన కలప మాత్రం పనికిరావు.

పొగలోనూ మంచిచెడ్డలున్నాయి. గాలి చాలక కుమిలే కట్టె నుంచి దట్టమైన తెల్లపొగ వస్తుంది. అది మాంసంమీద మసిలా అంటి చేదెక్కిస్తుంది. గాలి ఆడి చక్కగా మండే కట్టె నుంచి కనీకనిపించని సన్నటి నీలిపొగ వస్తుంది. సువాసననిచ్చేది ఆ పొగే. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం వేడికి విరిగి, ఆ పరిమళాన్ని పుట్టిస్తుంది. పొగ మోటుగా ఉంటే వంటవాడు ఏమరుపాటుగా ఉన్నాడని అర్థం. బాగా పొగపట్టిన మాంసాన్ని కోస్తే అంచున గులాబిరంగు చార కనిపిస్తుంది. అది పచ్చిదనం కాదు. పొగలోని వాయువులు మాంసపు రంగుతో కలిసి ఏర్పడే గుర్తు.

ఈ విద్య ఎవరిది? కరిబియన్ దీవుల ఆదివాసులు పుల్లలతో కట్టిన పందిరిమీద మాంసం కాల్చేవారు. పదహారవ శతాబ్దంలో స్పానిషువారు దాన్ని ‘బార్బకోవా’ అని రాసుకున్నారు. ఇంగ్లీషు ‘బార్బెక్యూ’కు మూలం అదే. దక్షిణ రాష్ట్రాలలో దీన్ని పెంచి పోషించినవారు నల్లజాతి బానిసలు. రాత్రంతా గుంతల పక్కన మేలుకుని నిప్పు కాచింది వాళ్ళు. పొద్దున విందారగించినవారు యజమానులు. 1865 జూన్ 19న గాల్వెస్టన్ రేవులో బానిసలకు విముక్తి ప్రకటించారు. ఆ రోజును తలచుకుని వాళ్ళు ఏటా చేసుకునే పండగలో ఈ పొగవంట తప్పనిసరి. 2021లో అది దేశానికంతకూ సెలవుదినమైంది. టెక్సాసులో జర్మను, చెకు కసాయిదుకాణాలవారు అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి కాగితంలో కట్టి అమ్మారు. అలా పేరొందిన లాక్‌హార్ట్ అనే చిన్న ఊరిని 1999లో రాష్ట్ర శాసనసభ ‘టెక్సాసు బార్బెక్యూ రాజధాని’ అని గౌరవించింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకొకటి తోచింది. మంచి వంటను మనం నలభీమపాకం అంటాం. నలుడు రాజు, భీముడు రాజకుమారుడు. విధివశాన మారుపేర్లతో కొంతకాలం వంటశాలల్లో ఉన్నవారు. జీవితమంతా పొయ్యిముందే గడిపినవారి పేరు మాత్రం ఏ పాకానికీ లేదు! అక్కడా చాలాకాలం అంతే. అందువల్లనే తూట్సీ టొమానెట్జ్ అనే ఆవిడ కథ నాకు ముచ్చటగొలిపింది. ఆవిడ పుట్టింది 1935లో. 1966లో ఒక చిన్న ఊరి మాంసపు దుకాణంలో ఈ పని మొదలుపెట్టింది. 2003లో లెక్సింగ్టన్ ఊరిలో ‘స్నోస్’ హోటలు తెరిచినప్పటి నుంచి శనివారాల పొయ్యి ఆవిడ చేతిమీద నడిచింది. తక్కిన రోజులలో బడి ఆవరణలు శుభ్రం చేసే పని చేసుకున్నది. 2008లోనూ, 2017లోనూ ‘టెక్సాస్ మంత్లీ’ పత్రిక ఆ హోటలుకు రాష్ట్రంలో మొదటి స్థానం ఇచ్చింది. డబ్భై మూడేళ్ళ వయసులో ఆవిడ పేరు లోకానికి తెలిసింది!

ముచ్చటపడి మీ పెరట్లో ప్రయత్నించదలిస్తే నాలుగు మాటలు మనసున ఉంచుకోండి. పొయ్యి ఆరుబయటే ఉండాలి. మూసిన గదిలో కట్టెల వాయువు ప్రాణం తీస్తుంది. కోడిమాంసం లోపల, ఎముకకు తగలని చోట, 74 డిగ్రీల వేడి చేరనిదే వడ్డించకూడదు. రంగు చూసి నిర్ణయించవద్దు. కోడికి పొయ్యి కాస్త వేడిగానే ఉండాలి, లేకుంటే తోలు రబ్బరులా సాగుతుంది. కట్టెకు మన ఎండిన జామ భేషుగ్గా ఉంటుంది. మరొక్కటి: పొగబెట్టిన మాంసం నిత్యం తినదగింది కాదు. ఇటువంటి మాంసాలు అతిగా తింటే పేగు క్యాన్సరు ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పరిశోధనాసంస్థ 2015లో హెచ్చరించింది. ఏడాదికి రెండు మూడు పండగలకు చాలు.

ఆనాడు మధ్యాహ్నం రెండు దాటాక మేకతొడ దించారు. కత్తి అవసరం లేకుండానే ఎముక ఊడివచ్చింది. ఉదయం నుంచీ కట్టెలు అందించి మొహమంతా మసి చేసుకున్నవాడు మా వాళ్ళ అబ్బాయి. మా చెల్లాయి మొదటి ముక్క వాడి కంచంలోనే వేసింది.