చదువుతుంటే మనసెందుకు పరుగెడుతుంది?

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర మీ ఇల్లుందా? ఎంఎంటీఎస్ రైలు కూత పెట్టగానే ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడతారు. మీరు మాత్రం లెక్కలు చేసుకుంటూనే ఉంటారు. ఎందుకలా?

కొత్త చప్పుడు వినగానే ‘ప్రమాదమేమో, చూడు’ అంటుంది మెదడు. అదే చప్పుడు రోజూ వినిపించి, ఏమీ కాకపోతే పట్టించుకోవడం మానేస్తుంది. ఫోన్ సంగతి వేరు. ప్రతి ‘టింగ్’ వెనకా కొత్త కబురు ఉండొచ్చు కదా! అంత పెద్ద రైలు కన్నా ఆ చిన్న డబ్బాయే గట్టిదన్నమాట.

మరి చదువుతూనే ఫోన్ కూడా చూస్తుంటే? ఒకే ట్యాంకుకున్న కుళాయిలన్నీ తిప్పితే ఒక్కదాంట్లోనూ ధార సరిగా రాదు. నిజానికి మెదడు ఒక పని నుంచి మరోదానికి గెంతుతుంటుంది. గెంతినప్పుడల్లా ‘ఎక్కడ ఆపాను?’ అని వెతుక్కోవాలి. ఓపిక అక్కడే ఖర్చవుతుంది.

మరి మనసు నిలవాలంటే? రోజూ ఒకే వేళకు, ఒకే చోట చదువుకు కూర్చోండి. కొన్నాళ్లకు ఆ చోటు చూడగానే చదువు గుర్తొస్తుంది. ఫోన్ మాత్రం పక్క గదిలో ఉండాలి. బల్ల మీద బోర్లా పెడితే చాలదు.