దూరం ఎక్కువ, కాలం తక్కువ!

మీ ఊరినుంచి పట్నానికి రెండు దారులున్నాయనుకోండి. రెండింటిలోనూ బస్సు ఒకే వేగంతో పోతుంది. ఏ దారిన వెళ్తే ముందుగా చేరతారు? "దగ్గరి దారినే" అంటారు మీరు. నేలమీద అది నిజమే. ఆకాశంలో మాత్రం ఒక్కొక్కప్పుడు ఈ లెక్క తప్పుతుంది!

ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా విమానం మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళ్ళేది. ఆ దారి సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో ఆ విమానాన్ని తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. ఈ దారి సుమారు 15,300 కి.మీ. అంటే 1,400 కి.మీ. ఎక్కువన్నమాట. అయినా విమానం దాదాపు 14½ గంటల్లోనే చేరింది. పాత దారిలో కంటే ఇంచుమించు రెండు గంటలు ముందుగా!

ఇదెలా సాధ్యం? 15,300ను 14½తో భాగించి చూడండి. గంటకు సుమారు 1,055 కి.మీ. వస్తుంది. కాని అలాంటి జెట్ విమానం గాలిలో ఎగిరే వేగం గంటకు సుమారు 900 కి.మీ. మాత్రమే. మరి మిగిలిన 155 కి.మీ. ఎక్కడినుంచి వచ్చాయి? గాలి ఇచ్చింది!

గోదావరిలో పడవను తలచుకోండి. ప్రవాహం వెంట పోయే పడవను నీరే ముందుకు తోస్తుంది. ఎదురు వెళ్ళే పడవను అదే నీరు వెనక్కు నెడుతుంది. ఆకాశంలోనూ ఇలాంటి ఏరులున్నాయి. నేలకు 9 నుంచి 12 కి.మీ. ఎత్తున, పడమరనుంచి తూర్పుకు జోరుగా వీచే ఈ గాలులను 'జెట్ ప్రవాహాలు' అంటారు. వీటి వేగం ఒక్కొక్కచోట గంటకు 300 కి.మీ. కూడా దాటుతుంది.

ఈ గాలులు ఎందుకు పుడతాయి? భూమధ్యరేఖవైపు గాలి వేడిగాను, ధ్రువాలవైపు గాలి చల్లగాను ఉంటుంది. అందువల్ల పైయెత్తున గాలి ధ్రువాలవైపు సాగబోతుంది. భూమి తిరుగుతూ ఉండటంచేత అది తూర్పుకు మళ్ళుతుంది. చలికాలంలో వేడి చలుల తేడా పెరుగుతుంది కనుక గాలి జోరు కూడా పెరుగుతుంది.

1920 దశకంలో వాసబురో ఒయిషీ అనే జపాను శాస్త్రజ్ఞుడు బెలూన్లు ఎగరవేసి ఈ గాలులను కొలిచాడు. ఆ సంగతిని ఎస్పరాంటో భాషలో ప్రకటించాడు. అది తెలిసినవారు తక్కువ కావడంతో చాలామంది దానిని గమనించనే లేదు!

"భూమి తూర్పుకు తిరుగుతోంది గదా! పడమరకు ఎగిరితే ఊరే మనకు ఎదురు రాదా?" అని మీరు అడగవచ్చు. రాదు. భూమితోబాటు గాలీ, గాలిలోని విమానమూ తిరుగుతూనే ఉంటాయి. నిలకడగా పోతున్న బస్సులో బంతిని పైకి ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడుతుంది కదూ!

ఇక మీకో ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఢిల్లీకి తిరిగి వచ్చేటప్పుడు కూడా గాలి తోడు రావాలంటే విమానం ఎటువైపు ఎగరాలి? గ్లోబు ముందు పెట్టుకొని మీరే చెప్పండి.