మీకు తెలుసా? తుపాకీ గురికీ చత్వారానికీ ఉన్న తగాదా

యారాడ బీచ్‌లో నిలబడి మీ కన్ను వయసెంతో తేల్చుకోవచ్చని మీకు తెలుసా? తుపాకీ అక్కర్లేదు. విశాఖ పోర్టులో బెర్తు కోసం దూరంగా లంగరేసుకుని ఆగిన ఓడల్లో ఒకదాన్ని ఎంచుకోండి. చెయ్యి చాపి బొటనవేలి గోరు దాని పక్కన పెట్టి చూడండి. గోరు తేటగా ఉన్నప్పుడు ఓడ మసకబారుతుంది. ఓడ తేటపడితే గోరు అలుక్కుపోతుంది. ఇరవయ్యేళ్ల కుర్రాడికైనా ఇంతే, కాకపోతే వాడి చూపు ఆ రెంటి మధ్యా రెప్పపాటులో మారిపోతుంది. అరవైకి దగ్గరపడ్డవాళ్లకి ఓడ బాగానే కనిపిస్తుంది, గోరే ఎంతకీ తేటపడదు.

సరదాగా షూటింగ్ చేసేవాళ్లని వయసు దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే. టార్గెట్ కనిపించడం మానేయదు, తుపాకీ కొసనున్న ఫోర్‌సైట్ మసకబారుతుంది. బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్, టార్గెట్ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారికి ఒక్కదాన్నే తేటగా చూపిస్తుంది. కాలేజీలో ఎన్‌సీసీ చేసి 0.22 రైఫిల్ పట్టినవాళ్లకి ఉస్తాద్ మాట గుర్తుండే ఉంటుంది: చూపు ఫోర్‌సైట్ కొన మీదే ఉండాలి, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు.

ఎందుకలా? లెక్క వేద్దాం. పిస్టల్ మీద రెండు సైట్ల మధ్య దూరం ఒక అడుగు అనుకోండి. వాటి వరసలో 1 మిల్లీమీటరు తేడా వచ్చిందంటే 10 మీటర్ల అవతల గుండు 33 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది రావాల్సినచోట ఆరు వస్తుంది. అదే సైట్లు సరిగ్గా కలిసి, చెయ్యి మాత్రం 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే నష్టం ఆ 5 మిల్లీమీటర్లే. కాబట్టి చెయ్యి వణికిందని బాధపడే పెద్దాయన ముందు తన కళ్లజోడు చూసుకోవాలి.

నలభై దాటాక కంటిలోని లెన్స్ బిరుసెక్కుతుంది, దగ్గరి వస్తువుకి తగ్గట్టు ఉబ్బలేదు. అదే చత్వారం. పేపర్ చదవడానికి ఇచ్చే అద్దాలు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోతాయి. చాపిన చేతిలోని పిస్టల్ ఫోర్‌సైట్ కంటికి సుమారు 80 సెంటీమీటర్లలో ఉంటుంది. అంటే చదువుకునే అద్దాలు ఎక్కువైపోతాయి, దూరం అద్దాలు చాలవు. ఇక బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలైతే కిందిభాగంలోంచి చూడటానికి గడ్డం ఎత్తాలి. గడ్డం ఎత్తితే మెడ బిగుస్తుంది, నిలబడే తీరే మారిపోతుంది. నా మట్టుకు ఆ అద్దాలు రైతుబజారుకి బ్రహ్మాండం, రేంజ్‌కి దండగ.

చేయాల్సింది చాలా చవక. తుపాకీ గురిపెట్టిన భంగిమలో కంటి నుంచి ఫోర్‌సైట్ దాకా దూరం ఇంకొకరిచేత టేపుతో కొలిపించండి. ఆ అంకె చీటీ మీద రాసుకుని కళ్లద్దాల షాపుకి వెళ్లండి. (చీటీ మాత్రమే. తుపాకీ తీసుకెళ్తే షాపులో గొడవైపోతుంది.) 80 సెంటీమీటర్లకి లెక్కప్రకారం మీ దూరపు నంబరుకి 1.25 కలపాలి. చాలామంది షూటర్లు 0.75 దగ్గర ఆగుతారు. ఫోర్‌సైట్ చాలినంత తేటగా ఉంటుంది, టార్గెట్ మరీ అలుక్కుపోదు. ఇంకో విచిత్రం: మైనస్ 1.25 దగ్గర హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు కళ్లజోడు తీసేస్తే చాలు, ఫోర్‌సైట్ దానంతటదే తేటగా కనిపిస్తుంది. చిన్నప్పుడు సోడాబుడ్డి అని ఏడిపించినవాళ్ల మీద ఇదొక చిన్న ప్రతీకారం.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో, పదికి గుర్తయిన చుక్క వ్యాసం అర మిల్లీమీటరే! అక్కడ టెలిస్కోప్ సైట్‌కి అనుమతి లేదు. బ్యాక్‌సైట్‌లోని సన్నటి రంధ్రంలోంచే చూడాలి. ఆ రంధ్రం చిన్నదయ్యేకొద్దీ దగ్గరా దూరమూ రెండూ తేటపడతాయి. నమ్మకం లేకపోతే అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పెట్టి, కళ్లజోడు లేకుండా అందులోంచి పేపర్ చదివి చూడండి. షూటింగ్ కళ్లజోళ్లకి తగిలించే ఐరిస్ (రంధ్రాన్ని పెంచి తగ్గించుకోగల బిళ్ల) పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

దానికో ఖర్చుంది: వెలుతురు తగ్గిపోతుంది. వయసుతో కంటిపాప ఎటూ చిన్నదవుతుంది. అరవయ్యేళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవయ్యేళ్ల కంటికి చేరేదాంట్లో మూడోవంతే అని సుమారు లెక్క. అందుకే మబ్బుపట్టిన రోజు రంధ్రం కాస్త పెద్దది చేసుకోవాలి.

రెండో కన్ను మూసుకుని గురిచూడటం మనకి తీర్థాల్లో బెలూన్లు పేల్చినప్పటి అలవాటు. (అక్కడి తుపాకుల సైట్లు ఎంత వంకరగా ఉంటాయో మీకు తెలుసు, ఆ ఓటమికి కన్నుని నిందించకండి.) కన్ను బిగించి మూస్తే ముఖమంతా అలసిపోతుంది. నల్లటి అడ్డు పెడితే చూసే కంటిపాప కూడా పెద్దదై తేటదనం తగ్గుతుంది. వెలుతురు వచ్చే తెల్లటి ప్లాస్టిక్ ముక్క మేలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 51 ఏళ్ల తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్లజోడుతో, రెండు కళ్లూ తెరిచే రజతం గెలిచాడు.

గాజులో ఎర్రచుక్క చూపించే రెడ్ డాట్ సైట్ చత్వారానికి భలే విరుగుడు. ఎర్రచుక్క టార్గెట్ దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి రెండు దూరాల తగాదా ఉండదు. ఒలింపిక్ తరహా పిస్టల్ పోటీల్లో మాత్రం పనికిరాదు. చుక్క తోకలా సాగినట్టు కనిపిస్తే మీకు ఆస్టిగ్మాటిజం ఉందేమో చూపించుకోండి.

శుక్లాల సంగతి వేరు. పొద్దున్నే సముద్రం వైపు చూసినప్పుడు ఎండ కంట్లో పొగలా పరుచుకుంటోందంటే, రాత్రి ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయంటే శుక్లం మొదలై ఉండొచ్చు. విశాఖవాళ్లకి హనుమంతవాకలోనే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఆపరేషన్‌కి ముందే మీరు షూటింగ్ చేస్తారనీ, ఏ కంటితో గురిచూస్తారనీ డాక్టర్‌కి చెప్పండి. పెట్టే మామూలు లెన్స్ ఒక్క దూరానికే పనిచేస్తుంది. ఆ దూరమేదో ముందే తేల్చుకోవాలి. మల్టీఫోకల్ లెన్స్‌తో అద్దాల బెడద తగ్గినా, నలుపు తెలుపుల తేడా కాస్త పలచబడుతుంది. షూటర్‌కి అదేం లాభం కాదు.

వయసు మీదపడిందని తుపాకీ అటకెక్కించేవాళ్లకి ఇద్దరి పేర్లు చెప్పాలి. స్వీడన్‌కి చెందిన ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో పరుగెత్తే జింకబొమ్మ మీద కాల్చి జట్టు రజతం గెలిచినప్పుడు వయసు 72. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ మనవరాలికి తోడుగా రైఫిల్ క్లబ్బుకి వెళ్లి, అరవై దాటాక తొలిసారి పిస్టల్ పట్టింది. ఆవిడ పతకాల కథ 2019లో హిందీ సినిమాగా వచ్చింది.

2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకీ, గుండు శక్తి 20 జౌళ్లకీ మించని ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన బీచ్‌లోనో కొండమీదో పేల్చుకోవచ్చని కాదు. రేంజ్‌లోనే కాల్చండి, రక్షణ కళ్లజోడు పెట్టుకునే కాల్చండి. ఆర్నెల్లకోసారి గడుల కాగితాన్ని ఒక్కో కంటితో విడివిడిగా చూడండి. తిన్నని గీతలు వంకరగా కనిపిస్తే అది చత్వారం కాదు, రెటీనా జబ్బు కావచ్చు. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.